ఆర్‌హెచ్‌ఈఎల్ 9లో అప్‌డేట్ తర్వాత ఎన్విడియా డ్రైవర్ పోయింది, స్క్రీన్ నల్లబడింది: ఎక్కడ వెతకాలి

మీరు చెప్పిన సంగతి ఇది. గచ్చిబౌలి ఆఫీసులో ఆర్‌హెచ్‌ఈఎల్ 9 (రెడ్‌హ్యాట్ కంపెనీ లినక్స్) వర్క్‌స్టేషన్, అందులో ఎన్విడియా ఆర్‌టీఎక్స్ ఏ4000 గ్రాఫిక్స్ కార్డు. రన్ ఫైలుతో (ఎన్విడియా ఇచ్చే, సొంతంగా నడిచే ఇన్‌స్టాలర్) వేసిన డ్రైవర్ నెలల తరబడి బాగానే నడిచింది. శనివారం ప్యాచింగ్‌లో, ప్యాకేజీలన్నీ తాజా చేసే ‘డీఎన్‌ఎఫ్ అప్‌డేట్’ కొట్టి రీబూట్ చేశాక లాగిన్ స్క్రీన్ రావడం మానేసింది. ఎస్‌ఎస్‌హెచ్ (నెట్‌వర్క్ మీదుగా లాగిన్) పనిచేస్తోంది కానీ కార్డు స్థితి చూపే ఎన్విడియా-ఎస్‌ఎంఐ కమాండ్ మాత్రం డ్రైవర్‌తో మాట్లాడలేకపోతున్నానంటోంది. అదే రన్ ఫైలు మూడుసార్లు మళ్లీ వేస్తే మూడుసార్లూ కంపైల్ దగ్గరే ఆగింది. చివరికి రెపో (ప్యాకేజీల ఆన్‌లైన్ నిల్వ) నుంచి ఆర్‌పీఎం ప్యాకేజీలు వేశారు, అవి ఎర్రర్ లేకుండా ఎక్కాయి, కానీ డ్రైవర్‌ని లోడ్ చేయడానికి మోడ్‌ప్రోబ్ చేస్తే ‘కీ వాజ్ రిజెక్టెడ్ బై సర్వీస్’ అని వస్తోంది.

ఇందులో మూడు తప్పులు ఒకదాని మీద ఒకటి పేరుకున్నాయి, అందుకే ఒకటి సరిచేసినా ఫలితం కనిపించడం లేదు. ఐదోసారి ఇన్‌స్టాల్ చేయకండి, ముందు ఏ మెట్టు దగ్గర ఆగిందో చూద్దాం. కమాండ్లు పలికే తీరులో తెలుగులోనే రాస్తున్నాను, టెర్మినల్లో మాత్రం మామూలుగా ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాలి.

అసలు జరిగింది ఇదీ. ఎన్విడియా డ్రైవర్‌లో రెండు భాగాలుంటాయి: కెర్నెల్ (లినక్స్ గుండెకాయ) లోపలికి వెళ్లే మాడ్యూల్, బయట ఉండే లైబ్రరీలు. మాడ్యూల్ ఏ కెర్నెల్ కోసం కంపైల్ అయిందో దానికే పనికొస్తుంది. కొత్త కెర్నెల్ వచ్చినప్పుడల్లా మాడ్యూల్‌ని మళ్లీ కట్టే డీకేఎంఎస్ లేకుండా రన్ ఫైలు వేస్తే ఆ రోజు నడుస్తున్న కెర్నెల్ ఒక్కదానికే మాడ్యూల్ తయారవుతుంది. శనివారం కొత్త కెర్నెల్ వచ్చింది, దాని కింద ఎన్విడియా మాడ్యూల్ లేదు. లినక్స్‌తోనే వచ్చే డ్రైవర్ నూవోను మీరే ఎప్పుడో బ్లాక్‌లిస్ట్ చేశారు (లోడ్ కాకుండా ఆపారు) కాబట్టి అదీ రాదు. రెండూ లేని చోట గ్రాఫిక్స్ ఎలా వస్తాయి?

దీన్ని రెండు నిమిషాల్లో రుజువు చేసుకోవచ్చు. రీబూట్ చేసి, మెషీన్ లేచేటప్పుడు కెర్నెళ్ల జాబితా చూపే గ్రబ్ మెనూలో పాత కెర్నెల్ ఎంచుకోండి. ఆర్‌హెచ్‌ఈఎల్ మామూలుగా మూడు కెర్నెళ్లు దాచి ఉంచుతుంది, డీఎన్‌ఎఫ్ సెట్టింగుల్లో ‘ఇన్‌స్టాల్ఓన్లీ_లిమిట్=3’ అన్నది అదే. మామూలు పరిస్థితిలో పాత కెర్నెల్‌లో స్క్రీన్ వస్తే కార్డు, కేబుల్, మానిటర్ అన్నీ నిర్దోషులని తేలినట్టే. మీ దగ్గర ఇప్పటికే కొత్త ఆర్‌పీఎం లైబ్రరీలు పాతవాటి మీద పడ్డాయి కాబట్టి అక్కడా వెర్షన్ తేడా ఎర్రర్ రావచ్చు, రాకపోతే అదృష్టం.

పని మొదలుపెట్టే ముందు మెషీన్‌ని టెక్స్ట్ మోడ్‌లోకి తెచ్చుకోండి. గ్రబ్ మెనూలో ‘ఈ’ నొక్కి, ‘లినక్స్’ అని మొదలయ్యే వరుస చివర ‘సిస్టమ్‌డీ.యూనిట్=మల్టీ-యూజర్.టార్గెట్’ చేర్చి, కంట్రోల్-ఎక్స్ నొక్కితే ఆ ఒక్క బూట్‌కి గ్రాఫిక్స్ జోలికి పోదు. పని అయ్యేదాకా అలాగే ఉంచాలంటే ‘సిస్టమ్‌సీటీఎల్ సెట్-డిఫాల్ట్ మల్టీ-యూజర్.టార్గెట్’, తర్వాత మళ్లీ ‘గ్రాఫికల్.టార్గెట్’.

ముందు కార్డు కనిపిస్తోందా చూడండి:

ఎల్‌ఎస్‌పీసీఐ -ఎన్‌ఎన్‌కే -డీ 10డీఈ:

10డీఈ అన్నది ఎన్విడియా వెండర్ నంబరు. అసలేమీ రాకపోతే డ్రైవర్ గురించి ఆలోచించడం దండగ, క్యాబినెట్ తెరిచి కార్డు స్లాట్‌లో సరిగ్గా కూర్చుందో లేదో, ఆరు పిన్నుల పవర్ కేబుల్ పెట్టారో లేదో చూడాలి. వస్తే ‘కెర్నెల్ డ్రైవర్ ఇన్ యూజ్’ వరుస ఉందా, అందులో ఏముందో చదవండి. కింద ఉండే ‘కెర్నెల్ మాడ్యూల్స్’ వరుస చూసి చాలామంది మోసపోతారు. అది ఈ కార్డుకి సరిపోయే మాడ్యూళ్ల జాబితా మాత్రమే, అవి లోడ్ అయ్యాయని కాదు. ‘వీఎఫ్‌ఐఓ-పీసీఐ’ అని ఉంటే ఎవరో ఆ కార్డుని వర్చువల్ మెషీన్‌కి కట్టబెట్టారు, ముందు వాళ్లని అడగండి.

ఇక శుభ్రం చేయడం. ఇది విసుగు పనే కానీ దాటవేయకండి. మీ దగ్గర రన్ ఫైలు వేసిన లైబ్రరీలు, ఆర్‌పీఎం వేసిన లైబ్రరీలు కలిసి ఉన్నాయి. రన్ ఫైలు ఏమేం పెట్టిందో ఆర్‌పీఎం డేటాబేస్‌కి తెలియదు. రన్ ఫైలు పెట్టినదాన్ని తీయగలిగేది దాని అన్‌ఇన్‌స్టాలరే. కాబట్టి ఈ వరుస తప్పకండి: మొదట ‘డీఎన్‌ఎఫ్ రిమూవ్’తో ఎన్విడియా ఆర్‌పీఎంలన్నీ తీయండి, తర్వాత ‘ఎన్విడియా-అన్‌ఇన్‌స్టాల్’ నడపండి, లేదా అదే రన్ ఫైలుకి ‘--అన్‌ఇన్‌స్టాల్’ తగిలించండి. ఆపైన ‘ఆర్‌పీఎం -క్యూఏ’లో ఎన్విడియా అని గ్రెప్ చేస్తే (వెతికితే) ఖాళీగా రావాలి. లిబ్ మాడ్యూల్స్ డైరెక్టరీలో ఎన్విడియాతో మొదలయ్యే ‘.కేఓ’ ఫైళ్లు ఏ కెర్నెల్ కిందా మిగలకూడదు. రన్ ఫైలు తన మాడ్యూళ్లను ‘కెర్నెల్/డ్రైవర్స్/వీడియో’లో పెడుతుంది, ఆర్‌హెచ్‌ఈఎల్‌లో డీకేఎంఎస్ ‘ఎక్‌స్ట్రా’లో పెడుతుంది. దొరికిన చోటును బట్టి అది ఎవరి సంతానమో తెలిసిపోతుంది. ‘/ఈటీసీ/ఎక్స్11/ఎక్స్‌ఓఆర్‌జీ.కాన్ఫ్’ అని పాత ఫైలు ఉంటే దాన్నీ పక్కకు జరపండి. అందులో డ్రైవర్ పేరు ఎన్విడియా అని గట్టిగా రాసి ఉంటే, మాడ్యూల్ లేనప్పుడు ఎక్స్ సర్వర్ ఇంకో దారి వెతుక్కోకుండా అక్కడే చచ్చిపోతుంది.

ఇప్పుడు కెర్నెల్ దగ్గరికి వద్దాం. ఎక్కువమంది బోల్తా పడేది ఇక్కడే.

‘యూనేమ్ -ఆర్’ చెప్పే వెర్షన్, ‘ఆర్‌పీఎం -క్యూ కెర్నెల్-డెవెల్’ చెప్పే వెర్షన్ చివరి అంకె దాకా ఒకటే కావాలి. 5.14.0-427 వరకూ కలిసిందని సంతోషపడితే చాలదు, దాని తర్వాత వచ్చే చుక్కల అంకెలు, ‘ఈఎల్9_4’ తోకతో సహా కలవాలి. ఉత్త ‘డీఎన్‌ఎఫ్ ఇన్‌స్టాల్ కెర్నెల్-డెవెల్’ అంటే రెపోలో ఉన్న తాజాది వస్తుంది, మీరు నడుపుతున్న కెర్నెల్‌ది కాదు. తాళం ఒక ఇంటిది, చెవి ఇంకో ఇంటిది అయినట్టు. అందుకని ముందు కెర్నెల్ అప్‌డేట్, తర్వాత రీబూట్, ఆ కొత్త కెర్నెల్‌లో నిలబడి ఇది:

డీఎన్‌ఎఫ్ ఇన్‌స్టాల్ కెర్నెల్-డెవెల్-$(యూనేమ్ -ఆర్) జీసీసీ మేక్ ఎల్ఫ్‌యుటిల్స్-లిబెల్ఫ్-డెవెల్

ఆర్‌హెచ్‌ఈఎల్‌కి ఉచిత ప్రతిరూపమైన రాకీ లినక్స్ వాడేవాళ్లకి ఇక్కడ ‘నో మ్యాచ్ ఫర్ ఆర్గ్యుమెంట్’ అని వస్తే కంగారు వద్దు. కొత్త మైనర్ రిలీజ్ రాగానే పాతదాని ప్యాకేజీలు మామూలు రెపో నుంచి వాల్ట్‌కి (పాత ప్యాకేజీల గిడ్డంగి) వెళ్లిపోతాయి. పాత కెర్నెల్‌కి డెవెల్ కోసం వెతికే బదులు కెర్నెల్‌నే అప్‌డేట్ చేయడం తేలిక. ఆర్‌హెచ్‌ఈఎల్‌లో అయితే ‘సబ్‌స్క్రిప్షన్-మేనేజర్ రిలీజ్ --షో’ కొట్టి చూడండి. ఆఫీసులో ఎవరైనా 9.4కి కట్టేసి ఉంటే మీకు ఆ పైవి కనిపించవు. పైగా ఈపెల్ (అదనపు ప్యాకేజీలిచ్చే రెపో) మాత్రం తాజా మైనర్ రిలీజ్‌ని బట్టి కదులుతుంది కాబట్టి డిపెండెన్సీ గొడవలు మొదలవుతాయి.

కెర్నెల్-హెడర్స్ ప్యాకేజీ వేరు, కెర్నెల్-డెవెల్ వేరు. హెడర్స్ మామూలు ప్రోగ్రాములు కంపైల్ చేయడానికి, మాడ్యూల్ కట్టడానికి కావలసింది డెవెల్. అమీర్‌పేట కోచింగుల్లో చేతులు మారుతూ వచ్చే పాత సెంటోస్ 7 నోట్స్ చూసి చేస్తుంటే జాగ్రత్త. 7లో కెర్నెల్ 3.10, దాని కాలం 2024 జూన్ 30తో ముగిసింది. అందులోని గ్రబ్, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ (బూట్ మొదట్లో వాడే చిన్న ఫైల్ సిస్టమ్) కమాండ్లు 9కి అతికినట్టు సరిపోవు.

మీ రన్ ఫైలు మూడుసార్లూ కంపైల్ దగ్గర ఎందుకు ఆగిందంటే, 5.14 అన్న పేరు నమ్మారు. ఆర్‌హెచ్‌ఈఎల్ 9 పుట్టిన 2022 నుంచి కెర్నెల్ పేరు 5.14గానే ఉంది. కానీ రెడ్‌హ్యాట్ తర్వాతి లినక్స్ కెర్నెళ్ల నుంచి కొత్త కోడ్ తెచ్చి అందులో కలుపుతూ ఉంటుంది, దాన్నే బ్యాక్‌పోర్టింగ్ అంటారు. 9.2లో 284, 9.3లో 362, 9.4లో 427, 9.5లో 503, 9.6లో 570 అని గీత తర్వాతి అంకె పెరుగుతుంది, ఆ అంకె వెనకే అసలు మార్పులుంటాయి. గ్రాఫిక్స్‌కి సంబంధించిన డీఆర్‌ఎం భాగం మరీ ఎక్కువగా మారుతుంది. మారకుండా ఉంచుతామని రెడ్‌హ్యాట్ మాటిచ్చిన కేఏబీఐ జాబితాలోకి ఆ భాగం రాదు. పాత డ్రైవర్ ‘5.14 కదా, ఈ ఫంక్షన్‌కి మూడు ఆర్గ్యుమెంట్లు ఉంటాయి’ అనుకుని వస్తుంది, ఇక్కడ నాలుగు ఉంటాయి. కంపైలర్ కేకలు పెడుతుంది.

ఆ కేకలు చదవాలంటే రన్ ఫైలుకి ‘/వార్/లాగ్/ఎన్విడియా-ఇన్‌స్టాలర్.లాగ్’, డీకేఎంఎస్‌కి ‘/వార్/లిబ్/డీకేఎంఎస్/ఎన్విడియా’ కింద వెర్షన్ పేరున్న ఫోల్డర్‌లో బిల్డ్ లోపల ‘మేక్.లాగ్’. లాగ్ చివరి నుంచి చదవకండి. చివర ఎప్పుడూ ‘మేక్ ఎర్రర్ 2’ అనే ఉంటుంది, దానితో ఏమీ తెలియదు. పైనుంచి ‘ఎర్రర్:’ అన్న మొదటి మాట వెతకండి. ‘ఇంప్లిసిట్ డిక్లరేషన్’, ‘టూ ఫ్యూ ఆర్గ్యుమెంట్స్’ లాంటివి ఎన్విడియా-డీఆర్‌ఎం ఫైళ్లలో వస్తే డ్రైవర్ పాతది, కెర్నెల్ కొత్తది. ఎవరో పెట్టిన ప్యాచ్ అతికించకండి, కొత్త బ్రాంచ్ డ్రైవర్ తీసుకోండి. కెర్నెల్ సోర్స్ దొరకడం లేదని వస్తే పైన చెప్పిన డెవెల్ తేడా. కంపైలర్ వెర్షన్ గురించి సణిగితే షెల్‌లో జీసీసీ-టూల్‌సెట్ ఏదైనా ఆన్ అయి ఉందేమో చూడండి. 9కి సొంత జీసీసీ 11, మాడ్యూల్ దానితోనే కట్టాలి. సెక్యూరిటీ హార్డెనింగ్ చేసిన మెషీన్లలో ‘/టీఎంపీ’ని నోఎక్సెక్‌గా మౌంట్ చేసి ఉంటే రన్ ఫైలు విప్పుకుని నడవలేక ‘పర్మిషన్ డినైడ్’ అంటుంది. అది వేరే రోగం.

నా మట్టుకు ఆర్‌హెచ్‌ఈఎల్ మీద రన్ ఫైలు వాడకపోవడమే మంచిదంటాను. మీ పరిస్థితికి రెపో దారి ఇది. మొదట కోడ్‌రెడీ బిల్డర్ అనే అదనపు రెపో ఆన్ చేయాలి:

సబ్‌స్క్రిప్షన్-మేనేజర్ రెపోస్ --ఎనేబుల్ కోడ్‌రెడీ-బిల్డర్-ఫర్-ఆర్‌హెచ్‌ఈఎల్-9-ఎక్స్86_64-ఆర్‌పీఎంఎస్

రాకీ, ఆల్మాలో అయితే ‘డీఎన్‌ఎఫ్ కాన్ఫిగ్-మేనేజర్ --సెట్-ఎనేబుల్డ్ సీఆర్‌బీ’. తర్వాత డీకేఎంఎస్ కోసం ఈపెల్, ఆ తర్వాత ఎన్విడియా కుడా-ఆర్‌హెచ్‌ఈఎల్9 రెపో. కార్పొరేట్ నెట్‌వర్క్‌లో ఇక్కడ ‘కర్ల్ ఎర్రర్ 60’ వస్తే ఆఫీసు ప్రాక్సీ మధ్యలో సర్టిఫికెట్ మారుస్తోందని అర్థం. ఐటీ వాళ్ల దగ్గర రూట్ సర్టిఫికెట్ తీసుకుని ‘/ఈటీసీ/పీకేఐ/సీఏ-ట్రస్ట్/సోర్స్/యాంకర్స్’లో పెట్టి ‘అప్‌డేట్-సీఏ-ట్రస్ట్’ నడపండి. ఎస్‌ఎస్‌ఎల్ వెరిఫై ఆపేయమని చెప్పేవాళ్ల మాట వినకండి, కెర్నెల్ లోపలే నడిచే మాడ్యూల్ దించుకుంటున్నారు. ప్రాక్సీ అడ్రస్ షెల్‌లో పెట్టినా సుడో దాన్ని వదిలేస్తుంది కాబట్టి ‘/ఈటీసీ/డీఎన్‌ఎఫ్/డీఎన్‌ఎఫ్.కాన్ఫ్’లోనే ‘ప్రాక్సీ=’ రాయాలి.

ఇప్పుడు ‘డీఎన్‌ఎఫ్ మాడ్యూల్ లిస్ట్ ఎన్విడియా-డ్రైవర్’ కొడితే స్ట్రీములు (ఎంచుకోదగ్గ డ్రైవర్ రకాలు) కనిపిస్తాయి. ఇంతకు ముందు వేరే స్ట్రీమ్ వేసి ఉంటే ‘డీఎన్‌ఎఫ్ మాడ్యూల్ రీసెట్ ఎన్విడియా-డ్రైవర్’ తప్పనిసరి. లేకపోతే ప్యాకేజీలు రెపోలో ఉండి కూడా మాడ్యులర్ ఫిల్టరింగ్‌లో మాయమవుతాయి. ఏ4000 ఆంపియర్ తరం కార్డు కాబట్టి మీకు ఇది సరిపోతుంది:

డీఎన్‌ఎఫ్ మాడ్యూల్ ఇన్‌స్టాల్ ఎన్విడియా-డ్రైవర్:ఓపెన్-డీకేఎంఎస్

ఓపెన్ అనగానే నూవో అనుకోకండి. 2022 మేలో ఎన్విడియానే బయటపెట్టిన సొంత కెర్నెల్ మాడ్యూల్ ఇది. ట్యూరింగ్, అంటే ఆర్‌టీఎక్స్ 20 సిరీస్ తరం నుంచి ఇటువైపు కార్డులకే పనిచేస్తుంది. బ్లాక్‌వెల్ కార్డులకైతే ఇది తప్ప గతి లేదు. మాక్స్‌వెల్, పాస్కల్, వోల్టా కార్డులకి సోర్స్ ఇవ్వని మూసిన మాడ్యూలే వేయాలి, వాటికి 580 చివరి బ్రాంచ్. కెప్లర్ 470తోనే ఆగిపోయింది. సికింద్రాబాద్ సీటీసీ కంప్యూటర్ మార్కెట్లో సెకండ్‌హ్యాండ్ క్వాడ్రో చవగ్గా దొరికిందని కొనేముందు ఏ తరమో అడగండి. పేరులో ‘కె’ ఉన్నవన్నీ కెప్లర్ కావు, కె620, కె2200 మాక్స్‌వెల్ కార్డులు. ఏదేమైనా ఆర్‌హెచ్‌ఈఎల్ 9 మీద కొత్తగా డబ్బు పెట్టేవాళ్లు ట్యూరింగ్ కన్నా పాతది కొనడం తెలివైన పని కాదు.

ఈఎల్‌రెపో, ఆర్‌పీఎం ఫ్యూజన్ కూడా ఎన్విడియా ప్యాకేజీలు ఇస్తాయి, ఆ రెండూ చెడ్డవేం కావు. కానీ ఒక మెషీన్‌కి ఒకటే. రెండు రెపోల మీద కాళ్లు పెడితే ఒకదాని లైబ్రరీ, ఇంకోదాని మాడ్యూల్ కలిసి కొంప ముంచుతాయి.

ఇన్‌స్టాల్ అయ్యాక ‘డీకేఎంఎస్ స్టేటస్’లో మీ కెర్నెల్ పేరు పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉండాలి. ‘యాడెడ్’ అని మాత్రమే ఉంటే కంపైల్ కాలేదు, మేక్.లాగ్ చూడండి. ‘ఇన్‌స్టాల్డ్’ అని ఉండి కూడా లోడ్ కాకపోతే మీకు వచ్చిన మూడో తప్పు, సెక్యూర్ బూట్.

‘మోకుటిల్ --ఎస్‌బీ-స్టేట్’ కొట్టండి. ‘ఎనేబుల్డ్’ అని వస్తే కెర్నెల్ తాను నమ్మే కీతో సంతకం చేసిన మాడ్యూల్‌నే లోపలికి రానిస్తుంది. డీకేఎంఎస్ మీ మెషీన్‌లోనే కట్టిన మాడ్యూల్‌కి తన కీతో సంతకం చేస్తుంది, కానీ ఆ కీని ఫర్మ్‌వేర్‌కి మీరు పరిచయం చేయలేదు. బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపేయమని ఎవరో ఒకరు చెబుతారు. ఇంటి కంప్యూటర్‌లో మీ ఇష్టం, ఆఫీసు మెషీన్‌లో సెక్యూరిటీ ఆడిట్‌లో పట్టుబడతారు. పద్ధతిగా చేస్తే ఐదు నిమిషాల పని:

మోకుటిల్ --ఇంపోర్ట్ /వార్/లిబ్/డీకేఎంఎస్/మోక్.పబ్

ఒక పాస్‌వర్డ్ అడుగుతుంది, ఇది ఒక్కసారికే. మామూలు చిన్న అక్షరాలు, అంకెలు పెట్టండి. ఎందుకంటే దాన్ని మళ్లీ కొట్టే చోట కీబోర్డ్ లేఅవుట్ అమెరికన్‌ది ఉంటుంది, ప్రత్యేక గుర్తులు చోటు మారతాయి. రీబూట్ చేస్తే ఆపరేటింగ్ సిస్టమ్ కన్నా ముందు నీలం రంగు తెర వస్తుంది. పది సెకన్లలోపు ఏదో ఒక కీ నొక్కాలి. ‘ఎన్‌రోల్ మోక్’, ‘కంటిన్యూ’, ‘యస్’, పాస్‌వర్డ్, ‘రీబూట్’. ఆ పది సెకన్లు దాటితే మామూలుగా బూట్ అయిపోతుంది, కీ ఎక్కదు, మళ్లీ ఇంపోర్ట్ దగ్గర నుంచి రావాలి.

మెషీన్ గచ్చిబౌలిలో, మీరు ఉప్పల్లో ఇంట్లో కూర్చుని ఎస్‌ఎస్‌హెచ్‌లో చేస్తుంటే ఈ మెట్టు దాటలేరు. ఆ తెర వచ్చేసరికి నెట్‌వర్క్ ఉండదు. సర్వర్ అయితే ఐడ్రాక్, ఐలో లాంటి రిమోట్ కన్సోల్ వాడండి. వర్క్‌స్టేషన్ అయితే ఆ సీటు దగ్గర ఒక మనిషిని ఫోన్లో పెట్టుకుని రీబూట్ కొట్టండి, పాస్‌వర్డ్ ముందే చెప్పి ఉంచండి.

తర్వాత ‘మోకుటిల్ --టెస్ట్-కీ’కి అదే ఫైలు ఇస్తే ఇప్పటికే ఎన్‌రోల్ అయిందని చెప్పాలి. ‘మోడ్‌ఇన్‌ఫో ఎన్విడియా’లో ‘సైనర్’ వరుస కూడా చూసుకోండి. ఈ కీ మదర్‌బోర్డు మెమరీలో ఉంటుంది. బోర్డు మార్చిన రోజున డిస్క్‌లో అన్నీ సరిగ్గానే ఉండి డ్రైవర్ ఒక్కటే ఎక్కకపోతే ఈ మాట గుర్తు తెచ్చుకోండి.

నూవో సంగతి క్లుప్తంగా. రెపో ప్యాకేజీలు బ్లాక్‌లిస్ట్ పెడతాయి. అయినా ‘ఎల్‌ఎస్‌మోడ్’లో నూవో కనిపిస్తే అది ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ లోపల కూర్చుని, మీ బ్లాక్‌లిస్ట్ ఫైలు చదవకముందే లేచిందన్నమాట. ముందు ‘డీఎఫ్ -హెచ్ /బూట్’తో జాగా చూసుకుని, ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్‌ని మళ్లీ కట్టే ‘డ్రాకట్ --ఫోర్స్’ నడపండి. బూట్ వరుసలో కూడా పెట్టేయాలంటే:

గ్రబ్బీ --అప్‌డేట్-కెర్నెల్=ఆల్ --ఆర్గ్స్="ఆర్‌డీ.డ్రైవర్.బ్లాక్‌లిస్ట్=నూవో మోడ్‌ప్రోబ్.బ్లాక్‌లిస్ట్=నూవో"

ఇవన్నీ అయ్యి రీబూట్ చేశాక ఎన్విడియా-ఎస్‌ఎంఐ ‘డ్రైవర్/లైబ్రరీ వెర్షన్ మిస్‌మ్యాచ్’ అంటే, లోడ్ అయిన మాడ్యూల్ ఒక వెర్షన్, లైబ్రరీ ఒక వెర్షన్. ‘/ప్రాక్/డ్రైవర్/ఎన్విడియా/వెర్షన్’లో ఉన్నది, ‘ఆర్‌పీఎం -క్యూ ఎన్విడియా-డ్రైవర్’ చెప్పేది పోల్చండి. డ్రైవర్ అప్‌డేట్ చేసి ఇంకా రీబూట్ చేయని మెషీన్‌లో ఇది మామూలే, రీబూట్‌తో పోతుంది. రీబూట్ తర్వాత కూడా ఉంటే రన్ ఫైలు అవశేషం ఎక్కడో మిగిలింది, శుభ్రం చేసే మెట్టుకి వెనక్కి వెళ్లండి. అన్నట్టు ఎన్విడియా-ఎస్‌ఎంఐ పైమూల కనిపించే కుడా (కార్డు మీద లెక్కలు చేయించే ఎన్విడియా సాఫ్ట్‌వేర్) వెర్షన్ ఆ డ్రైవర్ మోయగలిగే గరిష్ఠ వెర్షన్ మాత్రమే. కుడా టూల్‌కిట్ ఇన్‌స్టాల్ అయినట్టు కాదు.

వచ్చే ప్యాచింగ్ శనివారం ఇదే కథ రాకుండా ‘కెర్నెల్-డెవెల్-మ్యాచ్డ్’ అనే ప్యాకేజీ వేసి ఉంచండి, కెర్నెల్‌తో పాటు సరిపోయే డెవెల్ కూడా వస్తుంది. అప్‌డేట్ అయ్యాక, రీబూట్ కొట్టకముందే ‘డీకేఎంఎస్ స్టేటస్’ చూడండి. కొత్త కెర్నెల్ పేరు పక్కన ‘ఇన్‌స్టాల్డ్’ లేకపోతే ‘డీకేఎంఎస్ ఆటోఇన్‌స్టాల్ -కే’ పక్కన ఆ కెర్నెల్ పేరు ఇచ్చి నడిపి, అదీ ఫెయిలైతే రీబూట్ వాయిదా వేయండి. మైనర్ రిలీజ్ మారే అప్‌డేట్ అయితే, ఉదాహరణకు 9.5 నుంచి 9.6కి, ముందు డ్రైవర్‌ని తాజా చేసి ఆ తర్వాతే కెర్నెల్‌ని ముట్టుకోవాలి.

ఇంత చేశాక కూడా ఎన్విడియా-ఎస్‌ఎంఐ ‘నో డివైసెస్ వర్ ఫౌండ్’ అంటే సాఫ్ట్‌వేర్ వైపు దాదాపు అయిపోయినట్టే. కెర్నెల్ సందేశాలు చూపే ‘డీమెస్గ్’లో ‘ఎన్‌వీఆర్‌ఎం’ అని వెతకండి. ‘బార్1 ఈజ్ 0ఎం’ అని ఉంటే బయోస్‌లో ‘అబౌ 4జీ డీకోడింగ్’ ఆన్ చేయాలి. ‘ఎక్సిడ్ 79’, అంటే కార్డు బస్ మీద నుంచి రాలిపోయిందని వస్తే పవర్ కేబుల్, స్లాట్, వేడి చూడాలి. ఏ4000 తాగేది 140 వాట్లే, అయినా ఒకే స్లాట్ మందాన ఉండే చిన్న ఫ్యాన్ కార్డు. మే నెలలో శనాదివారాలు ఏసీ ఆపేసే ఫ్లోర్‌లో రాత్రంతా రెండర్ పెడితే ఉక్కిరిబిక్కిరవుతుంది.

మీ దగ్గర ఎక్కడ ఆగినా ‘యూనేమ్ -ఆర్’, ‘డీకేఎంఎస్ స్టేటస్’, ‘మోకుటిల్ --ఎస్‌బీ-స్టేట్’, పైన చెప్పిన ఎల్‌ఎస్‌పీసీఐ అవుట్‌పుట్, మేక్.లాగ్‌లో మొదటి ‘ఎర్రర్:’ చుట్టూ పది వరుసలు ఇక్కడ పెట్టండి. స్క్రీన్‌షాట్ వద్దు, టెక్స్ట్‌గా పెడితే చూడగలం.